అచ్చు పడని దూడ

పోయిన ఎండాకాలం మా నాన్న డాలస్ వచ్చినప్పుడు, ఆయనకి ఏం చూపించాలా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. గుళ్ళు చూపించేశాం. ఇండియన్ కొట్లు చూపించేశాం. మాల్‌కి తీసుకెళితే కూర్చోవడానికి ఒక బెంచీ దొరికితే చాలు ఆయనకి, ఇంకేం అక్కర్లేదు. ప్రకాశం జిల్లాలో యాభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. ఆఖరికి మా అబ్బాయే అన్నాడు, "తాతయ్యకి ఆవుల్ని చూపిద్దాం నాన్నా" అని.

మాకు దగ్గర్లోనే ఫోర్ట్ వర్త్ ఉంది. అక్కడి పాత పశువుల సంత పేరు స్టాక్‌యార్డ్స్. ఇప్పుడక్కడ సంత లేదు గానీ, టూరిస్టుల కోసం రోజూ రెండు పూటలా ఇటుకలు పరిచిన వీధిలో పొడుగు కొమ్ముల టెక్సస్ పశువులని కౌబాయ్‌లు తోలుకుపోతూ ఉంటారు. నాన్న అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆ కొమ్ములు చూసి, "ఏందిరా ఇయ్యి? ఇంత కొమ్ములతో కొట్టంలో ఎట్టా పడతయ్యి?" అన్నాడు. తర్వాత ఒకదాని తుంటి మీద కాల్చిన గుర్తు చూసి, "పాపం, దీనికేదో జబ్బు చేసినట్టుందే, వాత పెట్టారు" అన్నాడు.

జబ్బు కాదు నాన్నా, ఎవరి పశువో తెలియడానికి అచ్చు వేస్తారు అని చెప్పాను. ఆయన తల ఊపి, పక్కనే ఉన్న మనవడి చొక్కా వైపు చూశాడు. మా వాడు ఆ రోజు డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు నీలం జెర్సీ వేసుకున్నాడు. "ఆ రాసిందేందిరా నీ చొక్కా మీద?" అన్నాడు.

"మావెరిక్స్ తాతయ్యా. అంటే... ఎవరి మాటా వినకుండా తన దారిన తను పోయేవాడు" అన్నాడు మావాడు, వచ్చీరాని తెలుగులో.

"అచ్చోసిన ఆంబోతా?" అన్నాడు నాన్న ఠక్కున.

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ ఇంటికొచ్చాక నాకు ఆ మాట తెగలేదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి ఒక దురలవాటు ఉంటుంది. రెండు వైపులా ఒకే విలువ వచ్చినా, టైపు ఒకటేనా కాదా అని చూడకుండా ఉండలేడు. మావెరిక్ అంటే అచ్చు వేయని పశువు. మన ఆంబోతు అచ్చు వేసిన పశువు. మరి రెండింటికీ ఒకే అర్థం ఎలా వచ్చింది? ఆ ప్రశ్న వెంటపడి కొన్ని నెలలు లైబ్రరీ చుట్టూ తిరిగాను. తెలిసింది మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం.

ముందు పశువుల సంగతి చూద్దాం. పంతొమ్మిదో శతాబ్దపు టెక్సస్‌లో కంచెలు లేవు. పది మంది రాంచీలవాళ్ళ పశువులు ఒకే బయల్లో కలిసి మేసేవి. ఏడాదికి ఒకటి రెండు సార్లు అందరూ కలిసి మందలన్నిటినీ ఒకచోటికి తోలుకొచ్చేవాళ్ళు. దాన్ని రౌండప్ అంటారు. అప్పుడు ఏ దూడ ఎవరిదని తేల్చడానికి ఒకటే సూత్రం: దూడ ఏ ఆవు వెంట పోతే ఆ ఆవు యజమానిదే దూడ. తల్లి ఒంటి మీద ఏ అచ్చు ఉందో చూసి, నిప్పుల్లో కాల్చిన అదే ఇనుప అచ్చుని దూడకీ వేసేవాళ్ళు. ఇబ్బంది ఎక్కడంటే, రౌండప్‌లో దొరక్కుండా తప్పించుకుని, తల్లి పాలు మరిచిపోయి, ఒంటరిగా తిరిగే దూడతో. దాని ఒంటి మీద అచ్చు లేదు, వెంట తల్లీ లేదు. మా భాషలో చెప్పాలంటే రికార్డు ఉంది, ఓనర్ కాలమ్ మాత్రం ఖాళీ. అదిగో, ఆ దూడ పేరు మావెరిక్.

నిజానికి ఇలాంటి పశువుకి పేరు పెట్టింది ఇంగ్లీషు వాళ్ళే కాదు. అంతకుముందే అక్కడ పశువుల్ని కాసిన స్పానిష్, మెక్సికన్ వాళ్ళకి ఒరెహానో అనే మాట ఉండేది. చెవికి కోత గుర్తు లేనిది అని. కౌబాయ్ పనిలో వాడే మాటలు సగం వాళ్ళవే. రాంచ్ వాళ్ళదే, రోడియో వాళ్ళదే, లాసో వాళ్ళదే. ఫోర్డ్ కారు పేరుగా మనందరికీ తెలిసిన మస్టాంగ్ కూడా, దిక్కూ యజమానీ లేని పశువు అనే స్పానిష్ మాట నుంచి వచ్చిందే. ఇన్ని మాటలు వాళ్ళ దగ్గర తీసుకున్న టెక్సస్ ఈ ఒక్క పశువుకి మాత్రం ఒక మనిషి ఇంటిపేరు పెట్టుకుంది.

ఆ మనిషి శామ్యూల్ మావెరిక్. 1803లో సౌత్ కరోలినాలో పుట్టాడు. యేల్‌లో చదివి లాయరయ్యాడు. 1835లో టెక్సస్ వచ్చాడు. ఆ మరుసటి ఏడు ఆలమో కోటలో ఉన్నవాళ్ళు స్వాతంత్ర్య సభకి తమ ప్రతినిధిగా ఇతన్ని పంపారు. ఇతను కోట దాటి వెళ్ళిన నాలుగు రోజులకి, 1836 మార్చి 6న, ఆలమో కూలిపోయింది. లోపల పోరాడినవాళ్ళంతా చచ్చిపోయారు. ఇతను టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టి బతికాడు. 1839లో శాన్ ఆంటోనియో మేయరయ్యాడు. 1842లో మెక్సికో సైన్యం పట్టుకుపోయి జైల్లో పెడితే మరుసటి ఏడు బయటపడ్డాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మహానుభావుడికి పశువుల మీద ఏ మాత్రం ఆసక్తి లేదు. ఆయన పిచ్చంతా భూముల మీద. 1870లో చనిపోయేనాటికి మూడు లక్షల ఎకరాలకు పైగా ఉన్నాయి.

పశువులు ఆయన దగ్గరికి బాకీ కింద వచ్చాయి. 1840లలో తీర ప్రాంతంలో ఉన్నప్పుడు ఒకాయన పన్నెండు వందల డాలర్ల బాకీ డబ్బు రూపంలో తీర్చలేక, తలకి మూడు డాలర్ల లెక్కన నాలుగు వందల పశువుల్ని ఇచ్చాడు. మావెరిక్ ఆ మందని మటగోర్డా ద్వీపకల్పంలో వదిలేసి, 1847లో కుటుంబంతో శాన్ ఆంటోనియో వెళ్ళిపోయాడు. దూడలకి అచ్చులు సరిగ్గా పడలేదు. 1854లో వాటిని శాన్ ఆంటోనియో నది పక్కన కాంక్విస్టా అనే చోటికి తోలించాడు. అక్కడా అదే కథ. చుట్టుపక్కలవాళ్ళు అచ్చు లేని దూడ కనబడితే, "అది మావెరిక్ వాళ్ళదై ఉంటుందిలే" అనేవాళ్ళు. 1856లో విసిగిపోయి, లెక్క పెట్టకుండానే, ఎక్కడున్నవి అక్కడే అన్న పద్ధతిలో మొత్తం మందని టూటాంట్ బ్యూరిగార్డ్ అనే ఆయనకి అమ్మేశాడు. ఈయన తర్వాతి కాలంలో దక్షిణాది సైన్యానికి జనరల్ అయిన బ్యూరిగార్డ్‌కి సోదరుడు. కొన్నాయన ఊరుకుంటాడా? మనుషుల్ని పెట్టి నాలుగైదు కౌంటీలు గాలించి, అచ్చు లేని పశువు ఎక్కడ కనబడితే అక్కడ "ఇది మావెరిక్" అని తన అచ్చు వేయించాడు. ఆ పేరు అలా స్థిరపడింది. 1867 నాటికే ఆ మాట కాగితం మీద అచ్చులో కనిపిస్తుంది.

తర్వాత పుట్టిన కట్టుకథలకి లెక్కలేదు. దూడలకి నొప్పి పెట్టడం ఇష్టం లేక అచ్చు వేయలేదని ఒకటి. అచ్చు లేనివన్నీ నావే అనడానికి కావాలని వేయలేదని ఇంకొకటి. రెండూ నిజం కావు. ఆయన పట్టించుకోలేదు, అంతే. అసలు విషయం తెలిశాక నాకు ఈ ప్రపంచంలో నిర్లక్ష్యంతో ఇంత కీర్తి సంపాదించినవాడు ఇంకొకడు లేడనిపించింది.

అయితే ఈ కథలో నేను మొదట చదివినప్పుడు దాటుకుపోయిన మనిషి ఒకడున్నాడు. మావెరిక్ ఊరు వెళ్ళిపోతూ మందని ఎవరికి అప్పజెప్పాడు? జాక్ అనే బానిసకి, అతని కుటుంబానికి. పుస్తకాలన్నీ జాక్ సరిగ్గా చూసుకోలేదని ఒక వాక్యం రాసి ముందుకి పోతాయి. అచ్చు వేయకపోవడం నిజానికి జాక్ చేయని పనే. ఇంటిపేరు మాత్రం యజమానిది మిగిలింది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. దూడ ఎవరిదో చెప్పే సూత్రం ఇందాక చెప్పాను కదా, తల్లి ఎవరిదైతే దూడా వాళ్ళదేనని. బానిసల విషయంలో చట్టమూ సరిగ్గా అదే. 1662లో వర్జీనియాలో రాసుకున్నారు: బిడ్డకి తల్లి స్థితే వస్తుంది అని. తల్లి బానిసైతే, తండ్రి ఎవరైనా సరే, బిడ్డ బానిసే. తర్వాత దక్షిణాది అంతటా అదే నడిచింది, టెక్సస్‌తో సహా. అంటే జాక్ కాయాల్సిన దూడలకీ, అతని జాతి తల్లుల కడుపున పుట్టిన పిల్లలకీ చట్టం ఒకటే. టెక్సస్‌లో బానిసలకి స్వేచ్ఛ వచ్చిందన్న కబురు గాల్వెస్టన్‌లో చదివింది 1865 జూన్ 19న. మావెరిక్ అనే మాట వినగానే స్వేచ్ఛ గుర్తొచ్చే మనం, ఆ మాట పుట్టిన మందని ఎవరు కాశారో ఒకసారి తలుచుకోవాలి.

అంతర్యుద్ధం అయ్యేసరికి టెక్సస్‌లో నాలుగేళ్ళుగా మగవాళ్ళు ఇళ్ళ దగ్గర లేరు, పశువులు మాత్రం ఈనుతూనే ఉన్నాయి. అచ్చు లేనివి లక్షల్లో తయారయ్యాయి. టెక్సస్‌లో నాలుగు డాలర్లు పలికే పశువుకి ఉత్తరాదిన నలభై పలుకుతుంటే ఎవరు చేతులు కట్టుకుని కూర్చుంటారు? 1867 నుంచి కాన్సస్‌లోని అబిలీన్ రైలు స్టేషన్‌కి మందల్ని తోలడం మొదలైంది. అప్పుడే మావెరిక్ క్రియాపదం కూడా అయింది. మావెరికింగ్‌కి పోవడమంటే తాడూ, అచ్చు ఇనుమూ తీసుకుని, దొరికిన దిక్కులేని దూడ మీద నీ గుర్తు వేసుకోవడం. మొదట్లో అది తప్పు కాదు. పెద్ద రాంచీల యజమానులే తమ కౌబాయ్‌లకి దూడకింతని డబ్బిచ్చి చేయించేవాళ్ళు. ఈనాడు పెద్ద పేరున్న కొన్ని మందలకి పునాది అదే. ఆ కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లవాళ్ళని చరిత్రకారుల అంచనా. సినిమాల్లో మనకి కనబడరు గానీ.

తర్వాత జరిగింది ఏ ఊళ్ళోనైనా జరిగేదే. పెద్దవాళ్ళ మందలు పెద్దవయ్యాక, ఇంతకాలం తాము చేసిందే జీతగాళ్ళు తమ కోసం చేసుకుంటే దొంగతనం అయింది. వయోమింగ్‌లో 1884లో ఏకంగా మావెరిక్ చట్టం అని చేశారు. దాని ప్రకారం రౌండప్‌లో దొరికిన అచ్చు లేని ప్రతి పశువూ పెద్ద రాంచీలవాళ్ళ సంఘానిది. వేలం వేస్తారు, డబ్బు సంఘానికి పోతుంది. సొంతంగా నాలుగు పశువులున్న కౌబాయ్‌కి పని ఇవ్వొద్దని కట్టుబాటు కూడా చేసుకున్నారు. 1886-87 చలికాలంలో మంచుకి పశువులు గుట్టలుగా చచ్చాక కోపతాపాలు ఇంకా ముదిరాయి.

1892 ఏప్రిల్‌లో ఆ పెద్దలు, టెక్సస్ నుంచి తెప్పించిన కిరాయి తుపాకులతో కలిపి దాదాపు యాభై మంది, రైలెక్కి జాన్సన్ కౌంటీ మీదికి దండెత్తారు. చిన్న రైతుల తరఫున నిలబడిన నేట్ చాంపియన్ అనే కౌబాయ్ ఉన్న కట్టెల ఇంటిని చుట్టుముట్టారు. అతను దాదాపు పగలంతా ఒక్కడే కాల్పులకి ఎదురు నిలిచాడు. మధ్యలో చిన్న నోటుబుక్కులో జరుగుతున్నది రాసుకున్నాడు కూడా. చివరికి ఇల్లు తగలబెట్టి, బయటికి పరిగెత్తినవాణ్ణి కాల్చి చంపారు. కబురు తెలిసి ఆ చుట్టుపక్కల జనం వందల్లో పోగై ఈ దండునే ముట్టడించారు. అమెరికా అధ్యక్షుడి ఆజ్ఞతో గుర్రపు దళం వచ్చి కాపాడింది. ఎవరినంటారా? దండెత్తినవాళ్ళని. వాళ్ళలో ఒక్కడికీ శిక్ష పడలేదు.

అంటే అచ్చు లేని దూడ స్వేచ్ఛ ఎంతసేపో చూడండి. దాన్ని ఎవరూ వదిలేయలేదు. ముందు ఎవడి తాడు పొడుగైతే వాడిది. తర్వాత ఎవడి చేతిలో చట్టం ఉంటే వాడిది. ఈలోగా 1874లో గ్లిడన్ అనే ఆయన ముళ్ళ తీగకి పేటెంటు తీసుకున్నాడు. కంచెలు వచ్చాక ఇక ఒకరి మందలో ఒకరిది కలవలేదు, మావెరిక్ అనే పశువే కనబడకుండా పోయింది.

పశువు పోయాక మాట మనుషులకి అంటుకుంది. 1880ల నాటికే పార్టీ మాట వినని రాజకీయ నాయకుణ్ణి మావెరిక్ అనడం మొదలైంది. తమాషా ఏమిటంటే, శామ్యూల్ మనవడు మోరీ మావెరిక్ 1935 నుంచి 1939 దాకా కాంగ్రెస్ సభ్యుడుగా ఉండి ఇంటిపేరు సార్థకం చేశాడు. నల్లవాళ్ళని మూకలు చంపడాన్ని ఆపే బిల్లుకి దక్షిణాది సభ్యులంతా అడ్డం పడుతుంటే ఓటేసినవాడు. 1944లో సర్కారు కాగితాల అర్థంకాని భాషకి గాబుల్డీగూక్ అని పేరు పెట్టింది కూడా ఈయనే, టర్కీ కోడి అరుపులా ఉందని. కన్సల్టెంటుగా రోజుకి ఎనిమిది గంటలు ఆ భాషలోనే బతికే నేను ఆయనకి ఎంతైనా రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత 1957లో టీవీ సీరియల్, 1980లో మా బాస్కెట్‌బాల్ జట్టు, 1986లో టాప్ గన్ సినిమా. 2013లో ఆపిల్ తన ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ పేరు పెట్టింది కాలిఫోర్నియా తీరంలో అలలు లేచే ఒక చోటు పేరు మీద. ఆ చోటు పేరు ఒక కుక్కది. 2008 ఎన్నికల్లో జాన్ మెకెయిన్ నేను మావెరిక్‌ని అని చెప్పుకుంటుంటే, అసలు మావెరిక్ కుటుంబం వాళ్ళు పత్రికలకెక్కి, అది మా ఇంటిపేరు బాబూ అని మొత్తుకున్నారు.

ఒక ప్రాజెక్టులో నన్ను కూడా ఒకాయన మీటింగులో మావెరిక్ అన్నాడు. వారం రోజులు మురిసిపోయాను. అప్పటికి నా మెడలో ఉన్న బ్యాడ్జి ఒక కంపెనీది, జీతం ఇంకొక కంపెనీది, వీసా మూడో కంపెనీది. ఒంటి మీద మూడు అచ్చులున్న మావెరిక్ చరిత్రలో నేనొక్కణ్ణేనేమో.

ఇక నాన్న ఆంబోతు దగ్గరికి వద్దాం. ఆయన్నే అడిగాను. కలిగినవాళ్ళింట్లో పెద్దవాళ్ళు పోతే పదకొండో రోజున వృషోత్సర్గం చేసేవాళ్ళట. ఒక కోడెదూడని తెచ్చి, పూజ చేసి, ఒంటి మీద త్రిశూలమూ చక్రమూ అచ్చు వేసి వదిలేస్తారు. ఇక అది దేవుడిది. దాన్ని కాడికి కట్టకూడదు, కొట్టకూడదు, అమ్మకూడదు. ఎవరి చేలో పడి మేసినా అదిలించి ఊరుకోవాల్సిందే. మామూలు గొడ్డు చేలో పడితే బందెలదొడ్డికి తోలి జరిమానా కట్టించే ఊళ్ళోనే, దీని జోలికి మాత్రం ఎవరూ పోరు. అందుకే పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి అచ్చోసిన ఆంబోతు అని తిట్టడం.

మా చిన్నప్పుడు ఆ తిట్టు తినని మగపిల్లాడు లేడు. కానీ చూశారా, అక్కడ అచ్చు వేస్తే పశువుకి విడుదల. ఇక్కడ అచ్చు వేయకపోతే విడుదల, అదీ ఎవడో ఒకడు తాడు విసిరేదాకా. నాన్న పోల్చింది బాగానే ఉంది, రెండూ ఇష్టం వచ్చినట్టు తిరిగేవే. కానీ ఆంబోతు ధైర్యంగా తిరుగుతుంది. దాని వెనక ఊరంతా ఒప్పుకున్న గుర్తు ఒకటుంది. మావెరిక్‌కి ఆ గుర్తు లేదు. కాపాడేవాళ్ళు లేకపోవడాన్నే మనం దూరం నుంచి చూసి స్వేచ్ఛ అనుకున్నాం.

నేను ఈ విషయం ఇంతగా పట్టుకోవడానికి కారణం మా వాడి జెర్సీ. వాడు ఒంగోల్లో పుట్టాడు. ఏడాదిన్నర వయసులో మాతో వచ్చేశాడు. ఏడో తరగతిలో టెక్సస్ చరిత్ర చదివి, ఆలమో గురించి నాకు పాఠం చెప్పినవాడు. ఇప్పుడు ఇరవై నిండాయి. ఇన్నాళ్ళూ వాడు ఈ దేశంలో ఉన్నది నా కాగితాల వెంట నడిచే దూడగానే. ఇక్కడి చట్టం ప్రకారం 21 నిండితే ఆ వెంట నడవడం అయిపోతుంది. నా గ్రీన్ కార్డు లైను ఎప్పటికి కదులుతుందో తెలియదు. ఏ దేశంలో పుట్టినవాళ్ళకైనా ఏడాదికి 7 శాతం దాటి ఇవ్వకూడదన్న నియమం ఉందిగా, ఇండియాలో పుట్టినవాళ్ళం ఎక్కువమందిమి. పుట్టినరోజు లోపల అది రాకపోతే వాడు స్టూడెంటు వీసాకి మారాలి, లేకపోతే వాడికి గుర్తు కూడా లేని ఊరికి వెళ్ళిపోవాలి.

దీన్ని జాక్ పిల్లల కష్టంతో పోల్చడం లేదు. పోలిస్తే పాపం. మేం ఇష్టపడి వచ్చాం, కడుపునిండా తింటున్నాం, వెనక్కి వెళ్ళడానికి ఒక ఊరుంది. ఎవరి వెంట నడిస్తే వాళ్ళ లెక్కలో పడడం అన్న సూత్రం మాత్రం పాతదే. శామ్యూల్ పేరు మీద టెక్సస్ సరిహద్దులో మావెరిక్ కౌంటీ ఉంది. 2023, 2024లలో వలసల వార్తల్లో రోజూ వినబడిన ఈగిల్ పాస్ దాని ముఖ్యపట్నమే. కాగితాలు లేని మనుషులు నది దాటి మావెరిక్ కౌంటీలో అడుగుపెట్టేవాళ్ళు. ఆ పేరుకి అర్థం వాళ్ళకెవరైనా చెప్పారో లేదో.

ఇండియా వెళ్ళినప్పుడల్లా మనం స్టాంపింగ్‌కి వెళుతున్నాం అంటాం కదా, అది నాన్నకి మొదట్నుంచీ అర్థం కాదు. ఈసారి నేను విడమరిచి చెప్పాను, పాస్‌పోర్టులో వీసా అతికిస్తారు, అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు అని. స్టాక్‌యార్డ్స్‌లో చూసింది గుర్తుపెట్టుకున్నట్టున్నాడు.

ఆయన ఊరు వెళ్ళిపోయి చాలా నెలలయింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. వానలు, మిర్చి ధర, మోకాలి నొప్పి అయ్యాక, ఆఖర్న గొంతు తగ్గించి అడుగుతాడు.

"ఏరా, పిల్లోడికి అచ్చు పడిందా?"

"ఇంకా లేదు నాన్నా" అంటాను.